రూటర్ ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫర్మ్‌వేర్ మార్చడం అయిదు పది నిమిషాల పని. అది చెడితే బాగుచేయడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. బటన్ నొక్కే ముందు మనం ఏమేం సిద్ధం చేసుకున్నామన్న దాన్ని బట్టే ఆ తేడా వస్తుంది. అందుకే ఇక్కడ బటన్ ఎక్కడుందో చెప్పడం కంటే, తేడా వస్తే వెనక్కి వచ్చే దారి ఎలా ఉంచుకోవాలో ఎక్కువగా చెప్పాను. ప్రధానంగా ఇంటి వైఫై రూటర్ల గురించే రాసినా, చిన్న ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు పనికొచ్చేవీ కొన్ని ఉన్నాయి.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి? రూటర్‌లో అది ఎక్కడ ఉంటుంది?

రూటర్ ఒక చిన్న కంప్యూటర్. దానికీ ప్రాసెసర్, ర్యామ్ ఉంటాయి. హార్డ్ డిస్క్ బదులు ఫ్లాష్ మెమరీ చిప్ ఉంటుంది. ఆ చిప్‌ని కొన్ని అరలుగా విభజించి ఉంచుతారు. మొదటి అరలో బూట్‌లోడర్ ఉంటుంది. పవర్ రాగానే ముందు లేచేది అదే. తర్వాతి అరలో అసలు ఫర్మ్‌వేర్, అంటే కెర్నల్, వెబ్ పేజీలు, వైఫై డ్రైవర్లు వగైరా ఉంటాయి. మరో అరలో మీ సెట్టింగులు, ఇంకో చిన్న అరలో ఆ పరికరానికి మాత్రమే చెందిన మ్యాక్ అడ్రస్, వైఫై క్యాలిబ్రేషన్ డేటా ఉంటాయి.

మామూలు అప్‌గ్రేడ్ రెండో అరను మాత్రమే చెరిపి కొత్తగా రాస్తుంది. బూట్‌లోడర్ చెక్కుచెదరకపోతే, ఫర్మ్‌వేర్ పూర్తిగా పాడైనా రూటర్‌ని మళ్లీ లేపే అవకాశం చాలా వరకు ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద చెప్పిన రికవరీ పద్ధతులు తేలిగ్గా అర్థమవుతాయి.

నా రూటర్ బాగానే నడుస్తోంది. దాన్ని ఎందుకు కదిలించాలి?

ఇంటర్నెట్ వస్తోంది కాబట్టి బాగుందని మనం అనుకుంటాం. లోపల ఎవరైనా చొరబడి ఉన్నా ఇంటర్నెట్ అలాగే వస్తూ ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

2018 ఏప్రిల్‌లో మైక్రోటిక్ కంపెనీ రూటర్లలో, వాటి సెట్టింగులు మార్చడానికి వాడే విన్‌బాక్స్ సర్వీసులో ఒక పెద్ద లోపం బయటపడింది. కంపెనీ వెంటనే కొత్త వెర్షన్ ఇచ్చింది. అయినా కొన్ని నెలల తర్వాత కూడా పాత వెర్షన్‌తోనే నడుస్తున్న లక్షకు పైగా రూటర్లను పట్టుకుని, వాటి గుండా వెళ్లే వెబ్ పేజీల్లోకి క్రిప్టో మైనింగ్ కోడ్ జొప్పించారు. మందు చేతిలో ఉండి కూడా వేసుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం అది. అదే ఏడాది మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ గురించి సిస్కో కంపెనీ భద్రతా బృందం టాలోస్ వెల్లడించినప్పుడు, 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాలు దాని బారిన పడ్డాయని తేలింది. అంతకుముందు 2016 నవంబరులో జర్మనీలోని డాయిచ్ టెలికామ్ కస్టమర్లు సుమారు 9 లక్షల మందికి కనెక్షన్లు దెబ్బతిన్నాయి. మిరాయ్ రకపు మాల్వేర్ రూటర్ల రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్ట్ మీద చేసిన దాడి ప్రయత్నమే దానికి కారణం.

ఇంట్లోని ఫోన్లు, కెమెరాలు, టీవీలు అన్నీ ఈ ఒక్క పెట్టె దాటే బయటికి వెళ్తాయి. ఫోన్‌ని నెలనెలా అప్‌డేట్ చేసి, దీన్ని ఏళ్ల తరబడి వదిలేయడం నాకు ఏమాత్రం సరైనదిగా అనిపించదు.

అయితే కొత్త వెర్షన్ వచ్చిన రోజే పెట్టేయాలా?

అది ఎందుకు వచ్చిందో ముందు చూడండి. బయటి నుంచి దాడి చేయగల భద్రతా లోపాన్ని సరిచేయడానికి వస్తే ఆలస్యం చేయకండి. కొత్త ఫీచర్ల కోసం, కొత్త రంగుల వెబ్ పేజీ కోసం వస్తే రెండు మూడు వారాలు ఆగడమే మంచిది. ఆ లోపు ఇతరులకు ఎదురైన ఇబ్బందులు బయటికి వస్తాయి.

వెర్షన్ నంబరు కూడా కొంత చెబుతుంది. చివర సున్నా ఉన్నది ఆ సిరీస్‌లో మొదటిది. తర్వాత వచ్చే 1, 2 నంబర్లలో మొదటి దాని తప్పులు దిద్దుతారు. మైక్రోటిక్ అయితే లాంగ్‌టర్మ్, స్టేబుల్, టెస్టింగ్ అని వేర్వేరు ఛానళ్లు నడుపుతుంది. నలుగురు ఆధారపడే రూటర్ మీద టెస్టింగ్ ఛానల్ పెట్టవద్దు.

రిలీజ్ నోట్స్ చాలా పొడవుగా ఉన్నాయి. వాటిలో ఏం చదవాలి?

మొత్తం చదవక్కర్లేదు. ముందుగా 'తెలిసిన సమస్యలు' అనే భాగానికి వెళ్లి మీ మోడల్ పేరు ఉందేమో వెతకండి. తర్వాత నాలుగు సంగతులు చూసుకోండి: పాత సెట్టింగులు కొత్తదానికి పనికొస్తాయా, మీ వెర్షన్ నుంచి నేరుగా వెళ్లవచ్చా లేక మధ్యలో ఇంకో వెర్షన్ మీద ఆగాలా, ఎక్కాక మళ్లీ దిగే వీలుందా, డిఫాల్ట్‌గా ఉండే ఏవైనా అమరికలు మారాయా.

కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు రూటర్లలో పెట్టుకునే ఉచిత ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. దాని చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. 2021లో వచ్చిన 21.02లో చాలా మోడళ్లకు నెట్‌వర్క్ స్విచ్‌ని నడిపే పద్ధతే మారిపోయి డీఎస్‌ఏ అనే కొత్త పద్ధతి వచ్చింది. అలా మారిన మోడళ్ల మీద పాత వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ని విడి భాగాలుగా చేసే) సెట్టింగులను అలాగే ఉంచి ఎక్కించినవాళ్లు రూటర్‌లోకి లాగిన్ కూడా కాలేకపోయారు. 2022లో వచ్చిన 22.03లో ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ నుంచి ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కి మారింది. సొంతంగా ఐపీటేబుల్స్ రూల్స్ రాసుకున్నవాళ్లు వాటిని కొత్త పద్ధతిలో తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. ఈ రెండు సంగతులూ రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగా రాసే ఉన్నాయి.

నా రూటర్‌కి సరిపోయే ఫైల్ ఏదో ఎలా తెలుస్తుంది?

రూటర్‌ని తిరగేసి అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. మోడల్ పేరు ఒక్కటే చాలదు, హార్డ్‌వేర్ వెర్షన్ కూడా కావాలి. వీ1, వీ2, వీ3 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైన పెట్టె అచ్చం ఒకేలా ఉన్నా లోపలి చిప్ వేరే కంపెనీది కావచ్చు.

లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే ప్రసిద్ధ రూటర్‌నే తీసుకోండి. మొదటి వెర్షన్లు లైనక్స్ మీద నడిచేవి. 2005లో వచ్చిన వీ5లో లైనక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టారు, ఫ్లాష్ మెమరీని 4 ఎంబీ నుంచి 2 ఎంబీకి తగ్గించారు. పేరూ రూపమూ మాత్రం అవే. వీ4 ఫైల్ వీ5కి సరిపోయే ప్రశ్నే లేదు.

దేశాన్ని బట్టి వైఫై నిబంధనలు మారతాయి కాబట్టి కొన్ని కంపెనీలు ప్రాంతానికో ఫైల్ ఇస్తాయి. అదీ సరిచూసుకోండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఫ్యాక్టరీ, సిస్‌అప్‌గ్రేడ్ అని రెండు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మొదటిసారి మారేటప్పుడు సాధారణంగా ఫ్యాక్టరీ ఫైల్, ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉంటే సిస్‌అప్‌గ్రేడ్ ఫైల్ వాడాలి. ఏ ఫైలైనా తయారీదారు సైటు నుంచే దించుకోండి.

చెక్‌సమ్ చూడటం నిజంగా అవసరమా?

అవసరమే, అర నిమిషం కూడా పట్టదు. దించిన ఫైల్ మధ్యలో తెగిపోయిందో లేదో, ఎవరైనా మార్చారో లేదో అది చెబుతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లైనక్స్‌లో షా256సమ్ కమాండ్ ఇస్తే వచ్చే అంకెల వరసను డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ తీసేసి మళ్లీ దించుకోండి. జిప్ రూపంలో వచ్చిన ఫైల్‌ని చాలా మోడళ్లలో విప్పాకే ఎక్కించాలి.

ముందుగా ఏమేం దాచుకోవాలి?

సెట్టింగుల బ్యాకప్ ఫైల్ అందరూ తీసుకుంటారు. అది చాలదు. చాలా కంపెనీల బ్యాకప్ ఫైల్‌ని మనం తెరిచి చదవలేం. వెర్షన్ మారితే రూటర్ దాన్ని ఒప్పుకోకపోవచ్చు కూడా. అందుకే ముఖ్యమైన పేజీలకు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) కనెక్షన్ రకం, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి ఇంటర్నెట్‌కి కలిసే పద్ధతి) వాడితే దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు ఉంటే అది, వైఫై పేర్లు, పోర్ట్ ఫార్వర్డింగ్, ఏ పరికరానికి ఏ ఐపీ కేటాయించారో ఆ జాబితా, ఇవన్నీ కాగితం మీద ఉన్నా మంచిదే.

పీపీపీఓఈ పాస్‌వర్డ్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఎప్పుడో కనెక్షన్ ఇచ్చినప్పుడు ఎవరో టైప్ చేసి వెళ్లి ఉంటారు. రూటర్ రీసెట్ అయ్యాక అది ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడే కనుక్కుని రాసుకోండి.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. రూటర్ చెడితే ఇంట్లో ఇంటర్నెట్ ఉండదు. కాబట్టి కొత్త ఫర్మ్‌వేర్‌తో పాటు ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ ఫైల్, ఆ మోడల్ రికవరీ పద్ధతి ఉన్న పేజీ, దానికి కావలసిన టూల్ అన్నీ ముందే కంప్యూటర్‌లోకి దించి ఉంచుకోండి.

వైఫై మీద నుంచే అప్‌గ్రేడ్ చేయొచ్చా?

వద్దు. ఫైల్ ఎక్కుతుండగా వైఫై తెగితే ఇబ్బంది. ల్యాన్ పోర్ట్‌కి కేబుల్ పెట్టి చేయండి.

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది?

ఫైల్ ఇంకా రూటర్‌లోకి వెళ్తున్న దశలో పోతే సాధారణంగా ఏమీ కాదు. ముందు అది ర్యామ్‌లోకి చేరుతుంది, ఫ్లాష్‌ని ఇంకా ముట్టుకోలేదు. ఫ్లాష్ చెరిపి రాస్తున్న ఆ ఒకటి రెండు నిమిషాల్లో పోతేనే ఫర్మ్‌వేర్ సగంలో ఆగిపోతుంది. కొన్ని మోడళ్లలో ఫర్మ్‌వేర్‌కి రెండు అరలు ఉంటాయి. కొత్తది రెండో అరలో రాసి, పాతదాన్ని అలాగే ఉంచుతాయి. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ1900ఏసీఎస్ అలాంటిది. బూట్ అవుతుండగా వరసగా మూడుసార్లు పవర్ ఆపి వేస్తే రెండో అరలోని ఫర్మ్‌వేర్‌తో లేస్తుంది. మీ దానికి ఆ సదుపాయం లేకపోతే యూపీఎస్ మీద పెట్టి చేయండి.

పది నిమిషాలైంది, లైట్లు మిణుకుతూనే ఉన్నాయి. స్విచ్ ఆపేయనా?

ఆపకండి. వెబ్ పేజీలో శాతం ఎక్కడో ఆగినా లోపల పని జరుగుతూ ఉండవచ్చు. కొన్ని రూటర్లు మొదటిసారి లేచేటప్పుడు పాత సెట్టింగులను కొత్త రూపంలోకి మార్చుకుంటూ, సెక్యూరిటీ కీలు తయారు చేసుకుంటూ మామూలు కంటే చాలా ఎక్కువ సేపు తీసుకుంటాయి. కనీసం 15 నిమిషాలు ఆగండి. మొదట్లో ఒకసారి నేను ఆరో నిమిషంలోనే ఓపిక పట్టలేక ప్లగ్ లాగేశాను. ఆ రాత్రంతా రికవరీతోనే గడిచింది. అప్పటి నుంచి ఫోన్‌లో 15 నిమిషాల టైమర్ పెట్టి పక్కగదిలోకి వెళ్లిపోతున్నాను.

పాత సెట్టింగులు ఉంచాలా, రీసెట్ చేయాలా?

ఒకే సిరీస్‌లో చిన్న నంబరు మారితే ఉంచవచ్చు. పెద్ద నంబరు మారినా, ఫర్మ్‌వేర్ రకమే మారినా ఫ్యాక్టరీ రీసెట్ చేసి అన్నీ చేత్తో మళ్లీ నింపడమే నా సలహా. రీసెట్ చేసి వెంటనే పాత బ్యాకప్ ఫైల్ ఎక్కిస్తే పాత చెత్త మళ్లీ వచ్చి కూర్చుంటుంది, ఇక రీసెట్ చేసి ప్రయోజనం లేదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడేవాళ్లకు ఒక మాట: సెట్టింగులు ఉంచినా, మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీలు మామూలు సిస్‌అప్‌గ్రేడ్‌లో పోతాయి. వాటి జాబితా రాసి పెట్టుకోండి, లేదా ఆ ప్యాకేజీలతో కలిపి ఇమేజ్ (ఫర్మ్‌వేర్ ఫైల్) తయారుచేసి ఇచ్చే అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ వాడండి.

అప్‌గ్రేడ్ అయింది కానీ పాత ప్రింటర్, కెమెరా వైఫైకి కలవడం లేదు. ఎందుకు?

సాధారణంగా సెక్యూరిటీ అమరిక మారి ఉంటుంది. కొత్త ఫర్మ్‌వేర్ డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతిని, లేదా డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్‌ని ఆన్ చేసి ఉండవచ్చు. డబ్ల్యూపీఏ3లో మేనేజ్‌మెంట్ ఫ్రేముల (వైఫై కనెక్షన్‌ని నడిపే సంకేతాల) రక్షణ తప్పనిసరి. పాత పరికరాల్లో చాలా వాటికి అది తెలియదు. కలిసిన మోడ్ చూసి కూడా కొన్ని తికమకపడతాయి. ఇల్లంతటికీ భద్రత తగ్గించే బదులు, అలాంటి పరికరాల కోసం 2.4 గిగాహెర్ట్జ్ మీద డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌తో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి విడిగా పెట్టండి. పాత, బలహీనమైన టీకేఐపీ పద్ధతికి మాత్రం వెనక్కి వెళ్లవద్దు.

5 గిగాహెర్ట్జ్ పేరు అసలు కనిపించకపోతే కాసేపు వేచి చూడండి. కొన్ని ఛానళ్లను రాడార్లు కూడా వాడుకుంటాయి. అలాంటి ఛానల్ మీద రూటర్ ముందు కనీసం 60 సెకన్లు విని, రాడార్ లేదని తేలాకే ప్రసారం మొదలుపెట్టాలి. అప్‌గ్రేడ్ తర్వాత ఆటో ఛానల్ అలాంటిదాన్ని ఎంచుకుని ఉండవచ్చు. 36వ ఛానల్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

స్పీడు పడిపోయింది, లేదా కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోవడం లేదు.

కొన్ని సైట్లు వచ్చి, కొన్ని తిరుగుతూనే ఉంటే ముందు ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. పీపీపీఓఈ కనెక్షన్‌లో అది సాధారణంగా 1492 ఉండాలి. రీసెట్ తర్వాత 1500గా మారి ఉండవచ్చు.

కేబుల్ మీద కూడా స్పీడు సగానికి పడిపోతే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆగిపోయిందేమో చూడండి. ప్యాకెట్లన్నీ ప్రాసెసర్ గుండా వెళ్తే చిన్న రూటర్లు తట్టుకోలేవు. క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో నిర్ణయించేది), పేరెంటల్ కంట్రోల్, ట్రాఫిక్ లెక్కలు వంటివి ఆన్ అయితే చాలా మోడళ్లలో యాక్సిలరేషన్ దానంతట అదే ఆగిపోతుంది. కొత్త వెర్షన్‌లో ఇలాంటిది ఏదైనా మీకు తెలియకుండా ఆన్ అయిందేమో వెతకండి.

రూటర్ వెబ్ పేజీయే వింతగా కనిపిస్తే, బటన్లు పనిచేయకపోతే, అది బ్రౌజర్‌లో మిగిలిన పాత క్యాష్. ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి.

ఏది చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు, కొత్తగా ఏది పాడైందో అంతకన్నా తెలియదు.

పాత వెర్షన్‌కి దిగిపోవచ్చా?

చాలా మోడళ్లలో వీలవుతుంది. పాత ఫైల్‌ని అప్‌గ్రేడ్ చేసినట్టే ఎక్కించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. కొత్త వెర్షన్ రాసిన సెట్టింగులు పాతదానికి అర్థం కావు కాబట్టి రీసెట్ తప్పనిసరి. కొన్ని కంపెనీలు ఫలానా వెర్షన్ దాటాక కిందికి దిగనివ్వవు. అది రిలీజ్ నోట్స్‌లోనే రాస్తారు. భద్రతా లోపాన్ని సరిచేసిన వెర్షన్ నుంచి దిగుతుంటే ఆ లోపం మళ్లీ తెరుచుకుంటుంది. అలాంటప్పుడు రిమోట్ మేనేజ్‌మెంట్, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే సదుపాయం) ఆపేసి, తర్వాతి వెర్షన్ రాగానే ఎక్కండి.

రూటర్ లేవడమే లేదు. బ్రిక్ అయిపోయిందా (ఇటుకలా పనికిరాకుండా పోయిందా)?

పవర్ లైట్ వెలుగుతోంటే ఆశ ఉంది. ముందు రూటర్ బూట్‌లోడర్ పలుకుతోందో లేదో కనుక్కోవాలి. కంప్యూటర్‌కి చేత్తో 192.168.1.10 వంటి ఐపీ పెట్టి, కేబుల్ కలిపి, 192.168.1.1కి పింగ్ (జవాబు వస్తోందో లేదో చూసే కమాండ్) చేస్తూ రూటర్ ఆన్ చేయండి. మొదటి కొన్ని సెకన్లలో జవాబు వచ్చి ఆగిపోతే బూట్‌లోడర్ బతికే ఉంది. జవాబు రాలేదని వెంటనే వదిలేయకండి. కొన్ని మోడళ్లు 192.168.0.1 వంటి వేరే అడ్రస్ మీద ఉంటాయి, కొన్ని రీసెట్ నొక్కి పట్టుకుంటేనే పలుకుతాయి.

ఆపై దారి కంపెనీని బట్టి ఉంటుంది. ఆసుస్ రూటర్లలో రీసెట్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే పవర్ లైట్ నెమ్మదిగా మిణుకుతూ రెస్క్యూ మోడ్‌లోకి వెళ్తుంది. కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ రెస్టొరేషన్ టూల్‌తో ఫైల్ పంపాలి. చాలా నెట్‌గేర్ మోడళ్లు టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే సులువైన పద్ధతి)లో మనం పంపే ఫైల్‌ని అందుకుంటాయి. టీపీలింక్ ఆర్చర్ మోడళ్లలో కొన్ని ఇందుకు తలకిందులుగా పనిచేస్తాయి. రూటరే 192.168.0.66 అనే అడ్రస్‌లో ఉన్న కంప్యూటర్‌ని ఒక ప్రత్యేకమైన పేరున్న ఫైల్ అడుగుతుంది. అప్పుడు టీఎఫ్‌టీపీ సర్వర్ మన వైపు నడవాలి. మైక్రోటిక్‌కి నెట్‌ఇన్‌స్టాల్ అనే టూల్ ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో సెట్టింగులు మాత్రమే పాడైతే, బూట్ సమయంలో లైట్ మిణుకుతున్నప్పుడు బటన్ నొక్కి ఫెయిల్‌సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, సెట్టింగులు చెరిపే ఫస్ట్‌బూట్ కమాండ్ ఇస్తే సరిపోతుంది.

టీఎఫ్‌టీపీ కుదరకపోవడానికి ఎక్కువగా రెండు కారణాలు. ఒకటి, కంప్యూటర్ ఫైర్‌వాల్ యూడీపీ 69వ పోర్ట్‌ని అడ్డుకోవడం. రెండు, రూటర్ ఆన్ అయిన క్షణంలో కంప్యూటర్ నెట్‌వర్క్ పోర్ట్ ఇంకా సిద్ధం కాకపోవడం. బూట్‌లోడర్ రెండు మూడు సెకన్లే ఎదురుచూస్తుంది. మధ్యలో ఒక మామూలు స్విచ్ పెడితే కంప్యూటర్ వైపు లింక్ తెగకుండా ఉంటుంది, ఈ చిక్కు తీరిపోతుంది.

ఇవేవీ పనిచేయకపోతే చివరిది సీరియల్ కన్సోల్, అంటే బోర్డుకే నేరుగా తీగలు కలిపి బూట్‌లోడర్‌తో మాట్లాడే దారి. పెట్టె విప్పి బోర్డు మీది పిన్నులకు యూఎస్‌బీ టీటీఎల్ అడాప్టర్ కలపాలి. చాలా బోర్డులు 3.3 వోల్టులవి. 5 వోల్టుల అడాప్టర్ పెడితే చిప్ కాలిపోవచ్చు. గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్ మూడే కలపండి, పవర్ పిన్ వదిలేయండి. వేగం సాధారణంగా 115200. వారంటీ ఉన్న రూటర్‌ని మాత్రం విప్పకండి, సర్వీసుకి ఇవ్వండి.

దూరంగా ఉన్న ఆఫీసు రూటర్‌ని ఇక్కడి నుంచే అప్‌గ్రేడ్ చేయాలి. ఎలా?

అక్కడ ప్లగ్ తీసి పెట్టగల మనిషి ఒకరు ఉన్నప్పుడే చేయండి. ఇది మొదటి షరతు.

సిస్కో రూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) మార్చేముందు 'రీలోడ్ ఇన్ 10' ఇచ్చుకుంటే, మీరు బయట చిక్కుకుపోయినా పది నిమిషాలకు రూటర్ పాత స్టార్టప్ కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' ఇవ్వడం మరవకండి. జూనిపర్ రూటర్లలోని జూనోస్‌లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్ 10' ఇదే పని రీబూట్ లేకుండా చేస్తుంది. కానీ ఈ రెండూ కాన్ఫిగరేషన్ తప్పుల నుంచే కాపాడతాయి. ఇమేజే పాడైతే అవి ఏమీ చేయలేవు. దానికి ఫ్లాష్‌లో పాత ఇమేజ్‌ని ఉంచి, బూట్ సిస్టమ్ వరుసలో కొత్తది మొదట, పాతది తర్వాత రాయాలి. మొదటిది లోడ్ కాకపోతే రూటర్ రెండోదానికి వెళ్తుంది. ఫ్లాష్ నిండిందని పాత ఇమేజ్ చెరిపేసి కొత్తది ఎక్కించవద్దు.

మైక్రోటిక్‌లో రూటర్‌ఓఎస్ కొత్తదే, రూటర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ మాత్రం పాతదని చూపిస్తోంది?

అవి రెండూ వేరు. రూటర్‌ఓఎస్ అంటే అసలు ఫర్మ్‌వేర్. రూటర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ అంటే బూట్‌లోడర్. సిస్టమ్ మెనూలోని రూటర్‌బోర్డ్‌లో అప్‌గ్రేడ్ నొక్కి, మరోసారి రీబూట్ చేయాలి.

రూటర్ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చింది. నేనే అప్‌గ్రేడ్ చేయొచ్చా?

సాధారణంగా కుదరదు. టీఆర్-069 అనే పద్ధతిలో కంపెనీయే దూరం నుంచి వెర్షన్ మారుస్తుంది. ఒకరోజు హఠాత్తుగా సెట్టింగులు మారిపోయినట్టుంటే ముందు వెర్షన్ నంబరు మారిందేమో చూడండి.

ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంచాలా?

రూటర్‌ని మళ్లీ మళ్లీ చూసే అలవాటు లేని ఇళ్లలో తప్పకుండా ఉంచాలి. అప్పుడప్పుడూ ఒక చెడ్డ వెర్షన్ వస్తుందన్నది నిజమే. అయినా ఏళ్ల తరబడి తెరిచి ఉన్న లోపం కంటే ఒకరోజు ఇబ్బంది నయం.

నా మోడల్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. ఏం చేయాలి?

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పరికరాల జాబితాలో మీ మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్‌తో సహా ఉందేమో చూడండి. ఉంటే రూటర్‌కి ఇంకొన్నేళ్ల ఆయుష్షు వస్తుంది. కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉండాలి, హాయిగా నడవాలంటే 16, 128 ఉండాలి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటికి 19.07 సిరీస్‌తోనే దారి మూసుకుపోయింది. అలాంటి రూటర్‌ని ఇంటర్నెట్ ముఖాన పెట్టవద్దు, కొత్తది కొనండి.

కొత్త వెర్షన్‌లో బగ్ దొరికింది. ఎలా తెలియజేయాలి?

'అప్‌డేట్ తర్వాత నెట్ రావడం లేదు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్, పాత ఫర్మ్‌వేర్ నంబరు, కొత్త నంబరు, సెట్టింగులు ఉంచారా రీసెట్ చేశారా, కనెక్షన్ రకం ఏమిటి, సమస్య ఎప్పుడెప్పుడు వస్తోంది, పాత వెర్షన్‌కి దిగితే పోతోందా, ఇవి రాయండి. సిస్టమ్ లాగ్‌ని రూటర్ రీబూట్ చేయకముందే కాపీ చేసుకోండి. చాలా రూటర్లలో లాగ్ ర్యామ్‌లోనే ఉంటుంది, రీబూట్‌తో చెరిగిపోతుంది. పంపేముందు దానిలోంచి మీ పబ్లిక్ ఐపీ, మ్యాక్ అడ్రస్‌లు, పీపీపీఓఈ యూజర్‌నేమ్ తీసేయండి.